మనం చూసిన ఏనుగులు

ఆఫ్రికా వెళ్లి ఏం చూశావని ఎవరైనా అడిగితే, కందిపప్పు ఉడకడం చూశానని చెప్తాను. ఆ ఎత్తు ప్రదేశంలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. కుంపటి ముందు కూర్చుని విసిరి విసిరి చెయ్యి పడిపోయాక గరిటెతో నొక్కి చూస్తే ఇంకా పలుకు తగులుతూనే ఉంటుంది. చుట్టూ కనుచూపు మేర గడ్డి మైదానం. అందులో ఎక్కడెక్కడో సింహాలు, జిరాఫీలు, ఏనుగులు. నేను మాత్రం పప్పు చూశాను.

ఇది చెబితే మావాళ్లు పకపకా నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పడం లేదు. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

పెళ్లికి ముందు గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో రెండేళ్లు జువాలజీ చెప్పాను. మా ల్యాబులో ఉన్న ప్రాణులన్నీ సీసాల్లోనే ఉండేవి. పాము సీసాలో, తేలు సీసాలో, పిండం సీసాలో. ఫార్మలిన్ వాసన చీరకి పట్టేసి ఇంటికొచ్చినా పోయేది కాదు. కప్పల్ని కోసి చూపించాను, బొద్దింకల్ని కోసి చూపించాను. బతికున్న జంతువు తన ఇష్టప్రకారం తను తిరుగుతుంటే చూసిందేమిటయ్యా అంటే, వీధి కుక్కలు, కోమటి వీధిలో ఆంబోతు. ఏనుగంటే సర్కసు ఏనుగే, లేదా కాలికి గొలుసుతో గుడి ముందు నిలబడి అరటిపండు కోసం తొండం చాచే ఏనుగే.

పెళ్లయి ఒహాయో వచ్చాక ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం దొరికింది. రక్తం తీయడం, గాజు పలక మీద పూయడం, మైక్రోస్కోపులో చూడడం. మళ్లీ సీసాలే. మధ్యాహ్నం లంచ్ టైములో పక్కనే ఉన్న పబ్లిక్ లైబ్రరీకి వెళ్లేదాన్ని. అక్కడ ఒక పత్రికలో చదివాను, ఏనుగుల గుంపుని నడిపించేది మగ ఏనుగు కాదట, అందరికంటే పెద్దదైన ముసలి ఆడ ఏనుగట. నీళ్లెక్కడున్నాయో దానికే గుర్తుంటుందట. అది ఆగితే అందరూ ఆగుతారు, అది కదిలితే అందరూ కదులుతారు. ఏళ్ల తరబడి చదివి, చెప్పిన జువాలజీలో నాకు ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి నాకొకటే కోరిక. ఆ ముసలమ్మ ముందు నడుస్తుంటే వెనక గుంపంతా నడవడం నా కళ్లతో చూడాలి. సినిమాలో కాదు, టీవీలో కాదు. ఎదురుగా నిలబడి చూడాలి.

మావారికి చెప్పాను. నగలడగలేదు, పెద్ద ఇల్లడగలేదు, ఇదొక్కటీ అడిగాను. ఆయన మత్తు డాక్టరు. ఆపరేషన్‌కి ముందు మనిషిని నిద్రపుచ్చడం ఆయన పని. మంచి మనిషే. కాదనడం చేతకాదు, ఎవరికీ. ఆ చేతకానితనమే నా కొంప ముంచింది.

ఎనభై దశకం మొదట్లో సంగతి. నేను రెండేళ్ల సెలవులు వాడకుండా దాచుకున్నాను. ట్రావెల్ ఏజెంటు రంగుల పుస్తకాలు పంపించాడు. కెన్యాలో ఒక మైదానం నడుమ పాతిక గుడారాలు కూడా లేని చిన్న క్యాంపు. దగ్గర్లో ఊరు లేదు, రోడ్డు లేదు, చిన్న విమానంలో వెళ్లి గడ్డి మీద దిగాలి. నాకు అదే కావాలి. ఇద్దరికీ బుక్ చేయమన్నాను. సరేనన్నారు. ఆ వారమే ఎవరింట్లోనో పార్టీలో తన సీనియర్‌కి చెప్పేశారు.

ఆ సీనియర్ గుండె డాక్టరు. మెడికల్ కాలేజీలో మావారికి రెండేళ్లు పైన. నేను ఆయన్ని అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు. ఆయన భార్యా నేనూ ఒకరినొకరం వదినా అనుకుంటాం. అన్నయ్యగారు అక్కడికక్కడే తొడ చరిచి, మనం అందరం కలిసి పోదాం అన్నారట. మావారు కాదనలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, మా విషయంలో దేవుడే పూజారిని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఇంక ఫోన్ల మీద ఫోన్లు. అన్నయ్యగారు చాకొలెట్లు, సన్‌స్క్రీన్ గురించి చేశారేమో అనుకోకండి. సన్నబియ్యం ఎంత, కందిపప్పు ఎంత, చింతపండు నువ్వు తెస్తావా మీ వదిన తేవాలా, ఆవకాయ ప్లాస్టిక్ సీసాలో వెయ్యి చెల్లెమ్మా గాజు సీసా పగులుతుంది, ఇవీ ఆ ఫోన్లు. అక్కడ మూడు పూటలా క్యాంపువాళ్లే భోజనం పెడతారని, పుస్తకంలో రాసిందని చెప్పాను. ఆ పుస్తకాలు తెల్లవాళ్ల కోసం రాసినవని, మూడు రోజులు బ్రెడ్డూ సూపూ అయితే తన కడుపు ఊరుకోదని అన్నారు. గుండె డాక్టరు మరి, కడుపు గురించి ఆయనకే తెలియాలి. నేను సూట్‌కేసులో దుర్భిణీ పెట్టుకోవాలనుకున్న చోట బియ్యం సంచి కూర్చుంది. దుర్భిణీ మెడలో వేసుకుని విమానమెక్కాను.

నైరోబీ నుంచి చిన్న విమానం. కింద నేలంతా పసుపు గడ్డి, అక్కడక్కడా గొడుగు విప్పినట్టు చెట్లు. దిగగానే వాసన. ఎండిన గడ్డి, పేడ, దుమ్ము కలిసిన వాసన. నా పదేళ్ల ఫార్మలిన్ ఒక్క గుక్కలో కడిగేసినట్టయింది. జీపులో క్యాంపుకి వెళ్తుంటే దారికి అడ్డంగా అడవి పందుల కుటుంబం తోకలు నిటారుగా పెట్టుకుని పరిగెత్తింది. నేను జీపులో లేచి నిలబడిపోయాను. మావారు కొంగు పట్టి లాగి కూర్చోబెట్టారు.

గుడారమంటే మన పెళ్లి షామియానా కాదు. దళసరి కాన్వాసు, లోపల చెక్క నేల, రెండు మంచాలు, ముందు చిన్న వరండా. తలుపు బదులు జిప్పు. స్నానానికి, గుడారం వెనక చెట్టుకి కాన్వాసు సంచి వేలాడదీసి అందులో వేణ్ణీళ్లు పోసేవాళ్లు. కరెంటుకి ఒక చిన్న జెనరేటరు, అది కూడా చీకటి పడ్డాక కాసేపే. మేనేజరు నడివయసు తెల్లావిడ. రాగానే మమ్మల్ని కూర్చోబెట్టి నియమాలు చెప్పింది. చీకటి పడితే కాపలా మనిషి తోడు లేకుండా గుడారం దాటకూడదు. తినేది ఏదీ గుడారంలో ఉంచుకోకూడదు, కోతులొస్తాయి, కోతుల కంటే పెద్దవీ వస్తాయి. అన్నయ్యగారు బుద్ధిగా తలూపారు. ఆయన కాళ్ల దగ్గర సూట్‌కేసులో ఆవకాయ ఉంది.

మొదటి రాత్రి భోజనం బ్రహ్మాండంగా పెట్టారు. కూరగాయల సూపు, ఉడికించిన బీన్సు, చపాతీ. అవును, చపాతీయే. ఆ దేశంలో మనవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు కాబట్టి వాళ్లకి చపాతీ కొత్త కాదు. నేను మూడు తిన్నాను. అన్నయ్యగారు ఒకటి తుంచి పక్కన పెట్టి, అన్నం లేని భోజనం భోజనమేనా అన్నారు. అని లేచి వెళ్లి సూట్‌కేసులోంచి రైస్ కుక్కర్ తీసుకొచ్చారు. ఒహాయోలో కొన్న రైస్ కుక్కర్. నూటపది వోల్టుల కరెంటుతో నడిచేది. కెన్యాలో ఇండియాలో లాగే డబుల్ కరెంటు. ఆ మాట నేను చెప్పాను కూడా. ఆయన చిన్నపిల్లని చూసినట్టు నన్ను చూసి నవ్వి, అడాప్టర్ తెచ్చాను చెల్లెమ్మా అన్నారు. అడాప్టర్ ప్లగ్గు ఆకారం మారుస్తుంది, కరెంటుని మార్చదు. ఇండియాలో పుట్టి డబుల్ కరెంటులో పెరిగి, అమెరికా వెళ్లి ఆపరేషన్ థియేటర్లలో మిషన్ల మధ్య తిరిగే మనిషికి ఆ మాత్రం తెలియదు. భోజనాల గుడారంలో దీపం పెట్టే ప్లగ్గుంటే అందులో గుచ్చారు.

ఫట్‌మంది. కాలిన వాసన. క్యాంపంతా చీకటైపోయింది. అవతలి బల్లల దగ్గర తెల్లవాళ్లు అయ్యయ్యో అన్నట్టు ఏదో అన్నారు. ఆ చీకట్లో మావారూ అన్నయ్యగారూ ఒకరి భుజం ఒకరు చరుచుకుని నవ్వుకున్నారు. మేనేజరు లాంతరు పట్టుకొచ్చి, ఏం చేశారని అడిగింది. ఆవిడ గొంతులో కోపం లేదు, చల్లగా ఉంది. ఆ చల్లదనానికి నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కడితో అన్నం గొడవ వదిలిందనుకున్నాను. ఎక్కడ వదులుతుంది! కుక్కర్ పోతే పోయింది, కుంపటి అడుగుదాం, మనం వండుకుందాం అన్నారు అన్నయ్యగారు. మావారు వెళ్లి అడిగారు. పాపం ఆ మేనేజరు, ఈ మనుషులు మళ్లీ దేన్లో ప్లగ్గు గుచ్చుతారోనని కాబోలు, వంటశాల వెనక బొగ్గుల కుంపటి ఒకటి ఇప్పించింది. ఒహాయోలో మీట నొక్కితే ఎర్రబడే స్టవ్వు మీద వండుకునే నేను, ఆఫ్రికా వెళ్లి అట్టముక్కతో కుంపటి విసిరాను. నిజానికి మనం వండుకుందాం అన్నదాంట్లో 'మనం' అంటే ఎవరో ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి మగవాళ్లిద్దరూ జీపెక్కారు. మేమిద్దరం పప్పెక్కించాం.

ఒక్క పూటే కదా, మధ్యాహ్నం వెళ్దాంలే వదినా అంది వదిన. తను మెత్తని మనిషి. పొగకి కళ్లు ఎర్రబడి కారుతున్నా ముఖం మీద నవ్వు అలాగే ఉంచుకునేది. తనకి ఏనుగులంటే భయమని, తనకి రావాలనే లేదని, ఆయన కోసం వచ్చానని కుంపటి దగ్గరే చెప్పింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. రావాలని లేనిది వచ్చి, రావాలని ఉన్నదాన్ని తన పక్కన కూర్చోబెట్టుకుందని. తన తప్పేం లేదు. కోపానికి తప్పొప్పులతో ఏం పని!

మధ్యాహ్నం నలుగురం వెళ్లాం. చారల గుర్రాలు చూశాను, దూరంగా జిరాఫీలు చూశాను, గడ్డిలో పడుకున్న సింహం చెవి చూశాను. ఏనుగులు లేవు. డ్రైవరుని అడిగితే, గుంపు ఇప్పుడు నది వంపు దగ్గరుందని, అక్కడికి వెళ్లిరావాలంటే రోజంతా పడుతుందని చెప్పాడు. మాకు మిగిలింది ఆ మర్నాడు ఒక్కరోజే. ఆ తర్వాతి పొద్దున విమానం. రేపు అక్కడికే వెళ్దామని నలుగురం అనుకున్నాం. పులిహోర కట్టుకుపోదాం చెల్లెమ్మా, పిక్నిక్ అన్నారు అన్నయ్యగారు. ఆ మాటకి నాకు కోపం కూడా రాలేదు. రేపు ఏనుగుల్ని చూస్తానంటే నేను ఆ రాత్రి విందు భోజనమైనా వండి ఉండేదాన్ని.

చీకటితోనే లేచి, కాపలా మనిషిని తోడు తీసుకుని వెళ్లి పులిహోర కలిపాను. తిరిగొచ్చేసరికి వదిన వాళ్ల గుడారం వరండాలో వంగి వాంతి చేసుకుంటోంది. ఒళ్లు కాలిపోతోంది. మగవాళ్లిద్దరూ వచ్చి చూశారు. అన్నయ్యగారు నాడి పట్టి చూశారు, కళ్లు చూశారు, కంగారేం లేదు, కడుపులో ఇన్ఫెక్షన్ అన్నారు. మాత్ర ఇచ్చారు. జీపు ఇంజను ఆన్‌లో ఉంది. అప్పుడు మావారు నా వైపు తిరిగి ఆ మాటన్నారు.

"మనలో ఎవరో ఒకరం ఉండాలి కదా."

మనలో. ఎవరో ఒకరం. ఇద్దరు డాక్టర్లు, ఒక జువాలజీ మేడమ్. వాళ్లు ఏనుగుల దగ్గరికి, నేను రోగి దగ్గరికి. ఒకాయనది గుండె, ఒకాయనది మత్తు. ఆ పొద్దున వాళ్లిద్దరిలో ఒకరికి ఆ గుండే లేదు, రెండోవారికి ఆ మత్తు దిగలేదు.

నేను మావారిని పక్కకి పిలిచి, మీరుండండి, మీరు డాక్టరు కదా అన్నాను. తనుంటే వదినకి మొహమాటంగా ఉంటుందట. ఆడమనిషి దగ్గర ఆడమనిషే ఉండాలట. పోనీ ఆవిడ మొగుడిని ఉండమనండి అన్నాను. సీనియర్‌ని ఎలా అడుగుతామన్నారు. పైగా ఫోటోలు ఎవరు తీస్తారు అన్నారు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని, నువ్వెప్పుడూ ఇంతేనని కూడా అన్నారు. ఈలోగా అన్నయ్యగారు జీపెక్కి కూర్చుని, నువ్వుంటే నాకు ధైర్యం చెల్లెమ్మా అన్నారు. ఆయన ఒళ్లో నేను చేసిన పులిహోర డబ్బా ఉంది. ఆ పులిహోర ఏనుగుల్ని చూసింది. నేను చూడలేదు.

జీపు వెళ్లిన కాసేపటికి మేనేజరు వచ్చింది. ఇంకో జీపు అటువైపే వెళ్తోందని, ఒక చోటుందని, మీ స్నేహితురాలి దగ్గర క్యాంపులో పనిచేసే అమ్మాయిని ఒకర్తెని కూర్చోబెడతానని, మీరు వెళ్లిరండని అంది. ఆవిడకి నేనేం చెప్పలేదు, ఏమీ అడగలేదు. చూసి తెలుసుకుంది. నేను ఒక్క ఉదుటున లేచి బూట్లు వేసుకున్నాను. దుర్భిణీ మెడలో వేసుకున్నాను. అప్పుడు వదిన నా మణికట్టు పట్టుకుంది. ఎనిమిదేళ్లు ఒహాయోలో ఉన్నా జ్వరమొస్తే వదినకి ఇంగ్లీషు రాదు.

"వదినా, వాళ్లకి నేను ఏం చెప్పుకోను? మంచినీళ్లు అనడం కూడా గుర్తు రావట్లేదు."

చెయ్యి సలసల కాలిపోతోంది. నేను బూట్లతోనే మంచం మీద కూర్చున్నాను. ఆ జీపు వెళ్లిన చప్పుడు కూడా విన్నాను. రోజంతా తడిగుడ్డ పిండి నుదుట వేస్తూ, గ్లూకోజు నీళ్లు తాగిస్తూ గడిపాను. గుడారం జాలీ లోంచి బయటికి చూస్తే గడ్డి, ఆకాశం. వదిన మగతలో ఉన్నప్పుడల్లా నేను పళ్లు నూరుకుంటూ మనసులో ఆ ఇద్దరినీ తిట్టాను. నాకు వచ్చిన తిట్లన్నీ అయిపోయాక మా నాయనమ్మ తిట్లు అందుకున్నాను.

సాయంత్రం వచ్చారు. దుమ్ము కొట్టుకుపోయి, ఎండకి కమిలిపోయి, సంతోషంతో వెలిగిపోతూ వచ్చారు. గుంపు దొరికిందట. ఎంత దగ్గరగానో! తెచ్చుకున్న ఫిల్ము రోల్సన్నీ అయిపోయాయట. వదినకి జ్వరం దిగింది, కూర్చుని చారన్నం తింటోంది. చూశారా, నేను చెప్పలేదూ కంగారేం లేదని అన్నారు అన్నయ్యగారు. నేను వదినకి ఇంకో గరిటె చారు పోశాను. గుడారంలోకి వచ్చాక మావారు నా మొహం చూసి, బుజ్జగిస్తున్నట్టు అన్నారు.

"ఇంటికెళ్లాక స్లైడ్స్‌లో చూద్దువుగాని. ఇంకా పెద్దగా కనిపిస్తాయి."

ఆ రాత్రి నేను ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడితే గుడారం కాన్వాసు చిరిగిపోయేది. పడుకుని ఒకటే ఆలోచించాను. ఇంగ్లీషువాళ్లకి 'వీ' అని ఒకటే మాట. మనకి రెండున్నాయి. మేము అంటే ఎదుటి మనిషి అందులో లేనట్టు. మనం అంటే ఎదుటి మనిషీ ఉన్నట్టు. ఎంత మర్యాద గల భాష! ఇంత మర్యాద గల భాషలోనే నా నోరు నొక్కేశారు. మనం వండుకుందాం అంటే నేను. మనలో ఒకరం ఉండాలి అంటే నేను. చూసొచ్చాక మాత్రం, మేము చూశాం. పని దగ్గర మనం, పండగ దగ్గర మేము. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు, తీసుకెళ్లినవాడే అడ్డం నిలబడితే ఎవరితో చెప్పుకోవాలి?

ఒహాయో వచ్చాం. ఫిల్ము కడగడానికి పంపితే స్లైడ్లు డబ్బాల్లో వచ్చాయి. ముందు నాకు చూపిస్తానన్నారు మావారు. అక్కర్లేదన్నాను. పంతం. ఆ డబ్బాల వంక కూడా చూడలేదు. చలికాలం మొదలయ్యాక ఒక శనివారం సాయంత్రం తెలుగువాళ్లని ఏడెనిమిది కుటుంబాల్ని మా ఇంటికి పిలిచారు, ఆఫ్రికా స్లైడ్ షోకి. ఎవరి వంట వాళ్లు తెచ్చారు. భోజనాలయ్యాక అందరం బేస్‌మెంట్‌కి దిగాం. గోడకి తెల్ల దుప్పటి కట్టారు. పిల్లలు కార్పెట్ మీద, పెద్దలు మడత కుర్చీల్లో. లైట్లు ఆర్పారు. మావారు ప్రొజెక్టరు పక్కన నిలబడ్డారు, అన్నయ్యగారు ముందు వరసలో కూర్చున్నారు. నేను వెనక మెట్ల మీద కూర్చున్నాను. వదిన వచ్చి నా పక్కన కూర్చుంది.

గుడారాలొచ్చాయి, చారల గుర్రాలొచ్చాయి. రైస్ కుక్కర్ కథ అన్నయ్యగారు చెప్పారు, బేస్‌మెంటంతా నవ్వులు. కుంపటి దగ్గర నేనూ వదినా కూర్చున్న స్లైడ్ కూడా ఒకటుంది. అక్కడ కూడా మన ఆడవాళ్లు మనకి వేడివేడి అన్నం పెట్టారండీ అన్నారు అన్నయ్యగారే. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి వెళ్లిపోదామనుకున్నాను. అప్పుడు ఏనుగులొచ్చాయి.

లేవలేకపోయాను. కోపమంతా ఉండగానే లేవలేకపోయాను. గోడ నిండా ఏనుగులు. బూడిద రంగు అనుకున్నాను గానీ, అక్కడి మట్టి పూసుకుని ఎర్రగా ఉన్నాయి. "ఇదిగో, మనం చూసిన ఏనుగులు" అన్నారు మావారు, వెనక్కి తిరిగి నన్ను కూడా కలుపుకుంటూ. తర్వాతి స్లైడ్. గుంపు దగ్గరగా, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంది. వాటి కాళ్ల మధ్య ఒక పిల్ల ఏనుగు పక్కకి ఒరిగి పడుకుని ఉంది. ఒక పెద్ద ఏనుగు తొండం కొస దాని మీద పెట్టి ఉంది.

"ఈ బుడ్డోడు చూడండి, మొండికేసి పడుకున్నాడు. వాళ్లమ్మ స్కూల్ బస్‌కి లేపుతున్నట్టు ఎలా లేపుతోందో" అన్నారు మావారు. పిల్లలు కేరింతలు కొట్టారు. తర్వాతి స్లైడ్ కూడా అదే, ఇంకాస్త దగ్గరగా. ఆ తర్వాతదీ అదే.

నేను చూశాను. తొండం పెట్టిన ఏనుగు చెవులు అంచుల వెంట చీలికలుగా చిరిగి ఉన్నాయి, కణతలు లోపలికి పోయాయి. అది ఆ పిల్ల తల్లి కాదు, గుంపుకి పెద్దది. మిగతావన్నీ పిల్లకి వీపులు పెట్టి బయటికి తిరిగి నిలబడ్డాయి. పిల్ల ఒంటి మీద విరిచిన కొమ్మలున్నాయి, మట్టి చల్లి ఉంది. మూల చెట్టు మీద రాబందులు కూర్చుని ఉన్నాయి.

"అది నిద్రపోవట్లేదండీ. చచ్చిపోయింది" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. మావారు దుప్పటి వంక చూశారు, నా వంక చూశారు. ఛ, అదేం లేదన్నారు. అక్కడ ఎంతసేపు ఉన్నారని అడిగాను. చాలాసేపే ఉన్నామన్నారు అన్నయ్యగారు. డ్రైవరు ఏమీ చెప్పలేదా అని అడిగాను. అన్నయ్యగారు మావారి వంక చూశారు. చివరికి మావారే అన్నారు, చిన్నగా.

"ఏదో చెప్పాడు. మేం అప్పుడు తింటున్నాం. సరిగా వినలేదు."

నేను చేసిన పులిహోర తింటున్నారు. ప్రపంచంలో నేను చూడాలనుకున్నది ఒక్కటే ఉంటే, దాని ముందు జీపు ఆపుకుని, దుమ్ము పడకుండా మూత అడ్డం పెట్టుకుని పులిహోర తిన్నారు. ఆ ముసలమ్మ చచ్చిన పిల్లని వదల్లేక నిలబడితే ఫోటోలు తీసి స్కూల్ బస్ అన్నారు. చూడనివ్వకపోవడం ఒక ఎత్తు. వెళ్లి కూడా చూడకపోవడం ఇంకో ఎత్తు. మొదటిదాన్ని ఎప్పటికైనా మరిచిపోయేదాన్నేమో. రెండోదాన్ని మరవలేదు, మరవను.

మావారు బటన్ నొక్కబోయారు. నేను లేచి వెళ్లి ఆయన చేతిలోంచి రిమోట్ తీసుకున్నాను. వెనక్కి నొక్కి, ఏనుగుల మొదటి స్లైడ్ దగ్గర ఆపాను. ప్రొజెక్టరు ముందే కార్పెట్ మీద కూర్చున్నాను. అలాగే ఉంచితే బల్బు వేడికి స్లైడ్ కాలిపోతుందన్నారు. కాలేలోపు చూస్తానన్నాను. అందరూ కుర్చీల్లో ఇబ్బందిగా కదిలారు. ఎవరో ఒకావిడ పిల్లల్ని లేపుకుని పైకి వెళ్లింది. మావారు వంగి, నాకు మాత్రమే వినబడేట్టు అన్నారు.

"లైట్ వేసి కాఫీ సంగతి చూడు. అందరూ చూస్తున్నారు."

"మీరు చూడండి. నేను ఏనుగుల్ని చూస్తున్నాను" అన్నాను. నేనేమీ గొంతు తగ్గించలేదు.

ఆయన మెట్లెక్కి పైకి వెళ్లారు. వంటింట్లో అలమరలు తెరుస్తున్న చప్పుడు, మూస్తున్న చప్పుడు. గిన్నె ఏదో కింద పడింది. తర్వాత పైనుంచి కేకేశారు, కాఫీ పొడి ఎక్కడుందని. నేను చెప్పలేదు. వదిన మెట్ల మీంచి లేచి వచ్చి నా పక్కన కార్పెట్ మీద కూర్చుంది. ఆయన మళ్లీ కేకేశారు. మా వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో వదినకి నాతో సమానంగా తెలుసు. తనూ చెప్పలేదు.